సీతారామారావు గారు చెప్పనిదే చిరునామా మారదు

సీతారామారావు గారు ఎవరికీ చెప్పకుండా ఏ పనీ చెయ్యరు. ఫ్యాను ఆపాలన్నా గదిలో ఉన్న వాళ్లందరితో ఒక మాట అనాలి. ఒకసారి నరసన్నపేటలో దిగవలసి ఉండి, పక్క సీటాయనకూ, వెనక సీటు ముసలమ్మకూ, కండక్టరుకూ దిగుతున్నట్టు చెప్పుకుంటూ వచ్చేసరికి బస్సు మళ్లీ హైవే ఎక్కేసింది. సెలవు పెడుతున్నట్టు అందరికీ చెప్పి ముగించేలోపు ఆ సెలవు రోజు కాస్తా గడిచిపోయిందని కూడా అంటారు.

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్లన్నీ ఆయన చేతి మీదుగా నడుస్తాయి. ఆయన కింద కొత్తగా చేరిన శ్రావణికి ఈ అలవాటు మొదట్లో నవ్వు తెప్పించింది. చిరునామా మార్చే పని వచ్చాక చిరాకు తెప్పించింది.

ఆ ఆసుపత్రికి రెండు సర్వర్లున్నాయి. ఒకటి పడిపోతే రెండోది పని అందుకుంటుంది. మిగతా కంప్యూటర్లు మాత్రం ఎప్పుడూ ఒకే ఉమ్మడి చిరునామాను పిలుస్తాయి. పనిలో ఏ సర్వర్ ఉంటే ఆ చిరునామా దాని దగ్గరికి చేరుతుంది. దాన్నే వర్చువల్ ఐపీ అంటారు. నెట్‌వర్కు కొత్తగా వేస్తున్నారు కనుక ఇప్పుడది మారాలి. ఆదివారం మార్చి పారెయ్యమన్నాడు మేనేజరు పృథ్వీరాజ్. శ్రావణి దృష్టిలో అది టీ చల్లారేలోపు అయ్యే పని.

సీతారామారావు గారు కొత్త చిరునామాను పాతదాని పక్కన చేర్చి, రెండూ పలికేటట్టు చేసి, పాతదాన్ని ముట్టుకోకుండా చెప్పులు వేసుకున్నారు.

"ఎక్కడికి సార్?"

"సెప్పి రావాలి కదమ్మా."

మెయిలు పెడితే సరిపోదా అని శ్రావణి అడిగింది. మెయిల్లో చదివేవాళ్ల ముఖం కనబడదన్నారాయన. ఆయన్ని తొందరపెట్టమని పృథ్వీరాజ్ ఆమెను వెంట పంపాడు. మందుల కౌంటరు అయింది, ఎక్స్‌రే గది అయింది, క్యాంటీన్ కూడా అయింది. అక్కడ కంప్యూటరే లేదని శ్రావణి గుర్తుచేస్తే, అంతమాత్రాన వాళ్లకు తెలియకూడదా అని ఆయన ఎదురడిగారు.

చివరికి ఆమదాలవలస వెళ్లారు. అక్కడి రక్తపరీక్షల కేంద్రంలో యంత్రం దగ్గర కూర్చునేది ఈశ్వరి. రిపోర్టులు అక్కణ్ణుంచే ఆసుపత్రికి వెళతాయి. చిరునామా మారుతోందనగానే ఆమె ముఖం పాలిపోయింది.

"మునుపోసారి మారిస్తే మాకెవులూ సెప్పనేదండి. రిపోర్టులు ఎల్లనేదు. జనం నా మీద పడిపోనారు. నా సెయ్యి తగిలే మిషను పాడైపోనాదనుకున్నాను. అన్నం సయించనేదు."

అది సీతారామారావు గారు ఆసుపత్రిలో చేరకముందు సంగతి. ఆయన ఈశ్వరి కుర్చీలో తాను కూర్చోకుండా, కొత్త చిరునామాను ఆమె చేతే యంత్రంలో వేయించారు. ఒక రిపోర్టు పంపించారు. అది ఆసుపత్రికి చేరిందని ఫోనులో విన్నాక ఈశ్వరి ఊపిరి పీల్చుకుంది.

తిరుగు దారిలో శ్రావణి ఈ ఊరూరా తిరగడం ఇందుకేనా అని అడిగింది.

"మిషను ఆగిపోతే మనవే మార్చేవని మనకి తెలుస్తాది. ముందర కూసున్నోళ్లకి తెలీదు. తప్పు తమదేననుకుంటారమ్మా."

ఆదివారం పొద్దున్న పాత చిరునామా తియ్యడానికి కూర్చున్నారు. ముందుగా ఆయన రెండు సర్వర్లనూ కలిపి కాపలా కాసే క్లస్టర్‌ను మరమ్మతు స్థితిలో పెట్టారు. అలా చెప్పకపోతే చిరునామా పోయిందని అది కంగారుపడి పనంతా రెండో సర్వర్ మీదకు తోసేస్తుంది. యంత్రానికి కూడా చెప్పే చేస్తున్నారని శ్రావణికి అర్థమైంది. ఈసారి ఆమెకు చిరాకు రాలేదు.

పాతది తీసేశారు. రెండు సర్వర్లూ నిబ్బరంగా ఉన్నాయి. ఫిర్యాదుల ఫోను మోగకపోవడమే వింతగా ఉందని పృథ్వీరాజ్ అంటూ ఉండగా అది మోగింది. శ్రావణి గబుక్కున ఎత్తింది. అవతల ఈశ్వరి.

"సార్ ఉన్నారా అమ్మా? ఇక్కడ రిపోర్టులు బాగానే ఎల్తన్నాయి. సెప్పకపోతే ఆయన బెంగెట్టుకుంటారని ఫోను సేసినాను."