ఇరవై నాలుగున్నరో సీను

మొన్న జూబ్లీ హిల్స్‌లోని ఒక సినీ నిర్మాణ కార్యాలయంలో నా వంతు కోసం కూర్చుని, ఫోనులో ఒకటి అంకె మీద వేలు కాస్త ఎక్కువసేపు ఆనించినప్పుడు, ఆ అంకె నెత్తిన చిన్న పెట్టె తెరుచుకుని ½, ¼ గుర్తులు వరుసగా నిలబడ్డాయి. ఒకప్పుడు అవి ఎంత కష్టపడితే దొరికేవో, దొరికిన వాటిని పోగొట్టింది నేనేనని ఆ గదిలోని కుర్రవాళ్లకు ఏమని చెప్పను? ఆ రోజులెరిగిన మీకే చెప్పుకోవాలి.

మా పెదనాన్న యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఫిల్మ్ నగర్‌లోని పెద్ద రచయితలకు పేరు లేకుండా సీన్లు రాసి ఇచ్చేవారు. రెండు సీన్ల నడుమ కొత్తది చేర్చవలసివస్తే అందరూ అంకె పక్కన ‘ఎ’, ‘బి’ అని వేసుకునేవారు. ఆయన మాత్రం పావు, అర, ముప్పావు వేసేవారు. “పెద్ద అంకెలు హీరోగారివిరా, ఈ పావులూ అరలే నావి,” అనేవారు. వాటిలో మాటలుండేవి కావు. అలిగి లోపలికి వెళ్లిన కొడుకు చెప్పులను తండ్రి ఎండలోంచి నీడలోకి జరపడం వంటివే ఉండేవి. టైపు పూర్తయ్యాక చేతిరాత కాగితాలను చించివేయడం ఆయన అలవాటు.

మొదటిసారి తెర మీద ఆయన పేరు వేస్తామన్న సినిమా కథను కృష్ణానగర్‌లో కంప్యూటరు మీద డీటీపీ పని చేసే అక్క టైపు చేసింది. నాటి తెలుగు ఫాంట్లు దేనికదే ఒక లోకం. కంప్యూటరు ప్రతి గుర్తునూ ఒక సంఖ్యతో గుర్తుపడుతుంది; తెలుగు ఫాంటులో ½ సంఖ్య దగ్గర ఏదో ఒత్తు కాపురముండేది కనుక, ఆమె ప్రతిసారీ ఇంగ్లీషు ఫాంటుకు మారి, ఆల్ట్ మీట నొక్కిపట్టి 0189 కొట్టి, తిరిగి తెలుగులోకి వచ్చేది. కాలేజీ డిబేట్లలో కప్పులు గెలిచి, అప్పుడే ఆ సినిమాకు సహాయ రచయితగా చేరిన నాకు అది అరాచకంగా తోచింది. ప్రపంచమంతటా ఒక గుర్తుకు ఒకే సంఖ్య ఉండాలన్న యూనికోడ్ పద్ధతి న్యాయమనిపించి, ప్రతిని మొత్తం అందులోకి మార్చితీరాలని వాదించాను.

“జర ఆగు తమ్మీ, గా సగాలు నేను వేరే ఫాంటుల కొట్టిన. నీ మార్చే మిషిన్‌కు గది తెల్వదు, ఆగమైతది,” అంది అక్క.

నేను మూడు కారణాలు వరుసపెట్టాను. “నీతోని గెలుస్తమా, నీ నోటికో దండం,” అని నవ్వి ఫైలు ఇచ్చేసింది. కథ బయటికి పొక్కకూడదని, అప్పగించగానే తన ప్రతిని చెరిపివేయడం ఆమె నియమం.

మార్పిడి క్షణాల్లో ముగిసింది. యంత్రం ఆ సగాలనూ పావులనూ అక్షరం లేని ఒత్తులనుకుని రాల్చివేయగా, తెర మీద ఇరవై నాలుగో సీను నాలుగుసార్లు కనిపించింది. పాత ఫాంటు పుట్టించిన నకళ్లనుకుని, మొదటిది ఉంచి మిగిలిన మూడూ చదవకుండానే తొలగించాను. కథ పొడుగునా అంతే చేశాను. శుభ్రపరిచానన్న గర్వంతో పాత ఫైలు మీదే భద్రపరిచాను.

అచ్చుప్రతిని పెదనాన్న కార్యాలయం వరండాలో చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి, “మిగతావేవిరా?” అన్నారు. నకళ్లనుకుని తీసేశానని చెప్పాను. ఆయన వారం రోజులు తిరగరాయాలని కూర్చున్నారు, ఒక్కటీ కుదరలేదు. షూటింగు ఆయన కోసం ఆగలేదు. చివరికి తన పేరు తీసేయమని ఆయనే వెళ్లి చెప్పి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మరొక కాగితమూ చూపలేదు. మళ్లీ ఎవరూ పేరు వేస్తామనలేదు.

నా వాదమే నెగ్గింది. ధాన్యం కొలతలకు మన పెద్దలు వాడిన తెలుగు భిన్నాల గుర్తులకు సైతం ఇప్పుడు యూనికోడ్‌లో చోటుంది. మొన్న ఆ జూబ్లీ హిల్స్ గదిలో కూర్చుని ఫోనులో 24½ అని కొట్టాను; చెదరక, రాలక, చక్కగా నిలిచింది. దాని కింద ఏమి రాయాలో తెలిసిన మనిషి ఇప్పుడు లేరు.