గోడ దాటిన సొరతీగ

నా చిన్నప్పుడు మా పెరట్లో పూలకు వేరుగా, కూరలకు వేరుగా మడులు ఉండేవి కావు. గద్వాలకు పొద్దున్నే బండి కట్టుకుని పోతే ఎండెక్కకముందే చేరేంత దగ్గర మా ఊరు. మా నాయన తల్లిని అవ్వ అనేవాళ్లం. ఆమె వంకాయ చెట్ల మధ్య బంతి పెట్టేది, మిరప పక్కన కనకాంబరం. పుంటికూర కోయడానికి పోయిన పిల్ల జడలో పూవుతో తిరిగి రావాలని ఆమె లెక్క. ఆ పిల్లను నేనే. పొద్దున లేస్తూనే పెరట్లోకి పరుగెత్తి, రాత్రికి రాత్రి ఏ పిందె ఎంత ఊరిందో చూసుకోకపోతే నాకు అన్నం సయించేది కాదు.

ఆ ఏడు రోహిణి కార్తె ఇంకా రాకముందే మా పెరటి బావి అడుగంటింది. నల్లా అన్న మాట అప్పటికి మా ఊరు వినలేదు. తాగడానికి ఊరి బావి నుంచి బిందెలు మోసుకొచ్చేవాళ్లం. ఒకనాడు మా తాత పెరట్లో నిలబడి తీర్పు చెప్పేశాడు. "ఎడ్లకే నీళ్లు లేవు. నీ పూలకేందే ఇంక? ఎండిపోనియ్యి." అవ్వ తల కూడా తిప్పలేదు. "మిరుగు వానలు పడేదాక బతికిస్త. ఎట్ల బతికిస్తనో నీకెందుకు?" అంది. మృగశిర కార్తెను మా దిక్కు మిరుగు అంటాం.

ఆ మాట అన్నాక ఇంట్లో చుక్క నీరు ఊరికే పోనివ్వలేదు. గిన్నెలు కడిగిన నీళ్లు మిరపకు పోయేవి. పిల్లలందరి స్నానాలూ వంకాయ చెట్ల మొదట్లోనే. ఇవాళ ఈ చెట్టు పక్కన, రేపు ఆ చెట్టు పక్కన మమ్మల్ని కూర్చోబెట్టి నెత్తిన చెంబుతో పోసేది. అటూ ఇటూ కదిలితే వీపు మీద ఒకటి పడేది, నీళ్లు వేరే దిక్కు పోతాయని. అయినా చాలలేదు. మధ్యాహ్నమయ్యేసరికి బంతి మొక్కలు తలలు వేలాడేసేవి. వాటిని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

పక్కింటి పెద్దమ్మ వాళ్ల బావిలో మాత్రం ఊట తగ్గలేదు. మా పెరటికీ వాళ్ల పెరటికీ నడుమెత్తు మట్టిగోడ ఒక్కటే అడ్డం. అయితే అంతకుముందు వానాకాలంలో మా మిద్దె మీది నీళ్లు వాళ్ల వాకిట్లో పడ్డాయని మా తాతకూ, ఆ ఇంటి పెద్దనాయనకూ మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య పలకరింపులు లేవు. ఆడవాళ్లకు ఆ కొట్లాటతో పని లేదు గానీ, మగవాళ్లు మాట్లాడని ఇంటితో వీళ్లు మాట్లాడితే సొంత ఇంట్లో ఇంకో కొట్లాట మొదలయ్యేది.

నేను ఊరుకోలేకపోయాను. "అడగందే అమ్మయినా పెట్టదంటరు కద అవ్వా, పోయి జరన్ని నీళ్లు అడుగుత" అన్నాను. అవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. "వద్దు బిడ్డా. అడిగితే, మొగుడు వింటుండంగ ఆమె లేదనాలె. ఒక్కపారి లేదన్నంక మల్ల ఎట్ల పోస్తది?" నాకు ఆ మాట ఎక్కలేదు. ముసలామెకు పౌరుషం ఎక్కువ అనుకున్నాను.

మర్నాడు ఆమె చేసిన పని చూసి ఒళ్లు మండింది. గోడ మొదట్లో పెట్టిన సొరతీగ మా మిద్దె వైపు పాకుతుంటే, కట్లు విప్పి దాని కొసను గోడ మీదుగా పక్కింటి పందిరికి మళ్లించింది. మన తీగ, మన కష్టం, కాయలు వాళ్లకా అని నేను గొడవ పెట్టాను. "కాయలు అటు కాస్తయి. వేరు ఇటే ఉంటది కద" అని నా చేతికి చిన్న పార ఇచ్చింది. మగవాళ్లు చేలకు పోయిన వేళ చూసుకుని, తీగ పాదు పెద్దది చేసి, అక్కడి నుంచి వంకాయలకూ బంతికీ సన్నటి కాలువ తీశాం. పైన ఎండుటాకులు కప్పాం.

అటు పందిరి మీద పిందెలు పడ్డాయి. ఇటు ఎండకు తీగ వడలసాగింది. ఒక పొద్దున పెద్దమ్మ బిందెతో వచ్చి, గోడ మీదుగా వంగి పాదులో నీళ్లు పోసింది. పెద్దనాయన ఏంది అని గద్దిస్తే, మన పందిరి మీది కాయల కోసమే పోస్తున్నానని గట్టిగానే చెప్పింది. ఆయన కాయల వంక చూసి ఊరుకున్నాడు. అప్పటి నుంచి రోజూ పోసింది. ఒక బిందె చాలే చోట రెండు పోసింది. సొరతీగ తాగగా మిగిలింది ఆకుల కింది నుంచి మా చెట్లకు చేరేది. బంతి తలెత్తింది. మేం గెలిచామని లోలోపల మురిసిపోయేదాన్ని. పెద్దమ్మ అమాయకురాలని కాస్త జాలి కూడా పడ్డాను.

ఒకనాడు పూలు కోస్తుంటే గోడ అవతలి నుంచి "ఓ పిల్లా" అని పిలుపు వినబడింది. తలెత్తితే, చంకన బిందెతో పెద్దమ్మ నిలబడి ఉంది. నేరుగా మేం ఆకులు కప్పిన చోటికే చూస్తోంది. మా గుట్టు బయటపడిందని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి తన ఇంటి వైపు చూసుకుని, గొంతు తగ్గించి అంది. "కాలువల మన్ను అడ్డం పడ్డది. జర తియ్యి. బంతిదాక నీళ్లు పోతలేవు."

వంగి మన్ను తీశాను. నీళ్లు ఆఖరి మొక్కకు చేరేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. నేను ఒక్క ఉరుకున లోపలికి పోయి, ఆమెకు అంతా తెలుసని అవ్వకు చెప్పాను. అవ్వ జొన్నరొట్టె తట్టడం ఆపలేదు. "తెల్వకుంటనే దినాం రెండు బిందెలు పోస్తదానే?" అంది.

మిరుగు వానలు పడేనాటికి పెరట్లో ఒక్క మొక్క చావలేదు. ఒకనాటి పొద్దున గోడ మీద సగం సొరకాయ కనిపించింది. ఆ పూట తాత రొట్టెలోకి కూర నంజుకుంటూ బాగుందన్నాడు. ఎక్కడిదని మాత్రం అడగలేదు.

నేను పట్టిన పని వదలను. ఇంత వయసొచ్చినా నా పిల్లలు నన్ను మొండిది అనే అంటారు. కానీ ఎవరినైనా ఏదైనా అడగబోయే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. ఇవ్వాలని మనసులో ఉండీ, నోటితో లేదనక తప్పని చోట ఆ మనిషిని నిలబెడుతున్నానేమోనని చూసుకుంటాను. అవతలి మనిషికి లేదనే అవసరమే రాకుండా చెయ్యడం అడగడం కన్నా కష్టం. ఆ కష్టం నేనే పడతాను.