ఒక ‘ఈ’ తక్కువైన అర్జీ

ఒక చేనేత మగ్గానికీ పరాయి మిల్లులకూ మధ్య జరిగిన మహాసంగ్రామం చెప్పబోతున్నాను. నిజానికి సంగ్రామమేమీ కాదు. ఇబ్రహీంపట్నం కచేరీ అరుగు మీద నలుగురం కాసేపు వాదించుకున్నాం. అందులో ఒకరికి అసలు సంబంధమే లేదు.

1930ల చివరి మాట. నిజాం సర్కారు కచేరీల్లో రాతంతా ఉర్దూలోనే. ఉర్దూ రానివాళ్ల గోడును ఉర్దూలో రాసిపెట్టే అర్జీనవీసును నేను. అప్పటికి నా మొహాన మీసాలకన్నా సిరా మరకలే ఎక్కువ.

రావిర్యాల నేతగాడు నర్సయ్య వచ్చాడు. సర్కారు ఎల్ల దాటి వచ్చే మిల్లు చీరల దెబ్బకు అతని చీరలు అమ్ముడుపోవడం లేదు. మగ్గం ఆగితే సోలాపూరు మిల్లులో కూలికి పోవాలి.

“బయటి నూలు బట్ట మీద సుంకం పెంచుమని రాయి మున్షీ. జర గట్టిగ రాయి.”

గట్టిగానే రాశాను. తన వంతు కోసం కూర్చున్న చేపల ఎల్లమ్మ ఊరుకోలేదు. “నర్సన్నా, నీ చీర మంచిదే. గా చీర కొనాల్నంటే నేను చెరువంత ఖాళీ చేయాలె. మిల్లు చీర గూడ పిరం జేసి నన్ను గోనెసంచి కట్టుకొమ్మంటవా?”

అర్జీలు తీసుకుని అధికారి ముందుంచే గుమాస్తాను పేష్కార్ అంటారు. ఆయన అర్జీ చదివి తలెత్తాడు. “ఏమయ్యా, నీ మగ్గానికి నువ్వే ఉరి పెట్టుకుంటున్నవ్? నూలుదారం మీద సుంకం పెంచుమంటవేంది?”

తప్పు నాది. ఉర్దూలో ‘సూతీ’ అంటే నూలు బట్ట, ‘సూత్’ అంటే నూలుదారం. తొందరలో ‘ఈ’ మింగేశాను.

నర్సయ్య మొహం పాలిపోయింది. “దారం పిరమైతే ఏం నేయాలె, గాలినా? ఇప్పుడున్న సుంకానికే సస్తున్న!”

“నీ దారం ఎక్కడిది?” అన్నాను.

“సోలాపూరుది.”

“అంటే బయటి దారం రావాలె, బయటి బట్ట రావొద్దు.”

“అవ్.”

“గట్లయితే బట్టను రానియ్యుండ్రి, బందరు ఎండుచేపల్ని ఆపుండ్రి,” అంది ఎల్లమ్మ. “నాది గూడ రాయి మున్షీ.”

నర్సయ్య అర్జీ వెనక్కి తీసుకుని నా చేతిలో పెట్టి అన్నాడు: “బట్ట సంగతి ఇడిసిపెట్టు. దారం మీదున్న సుంకం తీసెయ్యుమని రాయి. దారం అగ్గువకు దొరికితే మిల్లు సంగతి నేను జూసుకుంట.”

పొద్దున అడ్డుగోడ అడగడానికి వచ్చిన మనిషి మధ్యాహ్నానికి తలుపు తీయమని రాయించుకున్నాడు. ఇదే మాట తేల్చుకోవడానికి దేశాలకు తరాలు పడతాయట.

కొన్ని నెలలకు జవాబొచ్చింది: సర్కారు రాబడి తగ్గుతుంది గనుక నామంజూరు. చదివి వినిపించాను.

“ఇంకోటి రాయనా?”

“ఇగ వద్దు. మగ్గం ఇప్పేసిన.”

ఆ తర్వాత సుంకం గురించి ఎవరొచ్చినా ఏం అమ్ముతావని కాదు, ముందు ఏం కొంటావని అడగడం నేర్చుకున్నాను.

నర్సయ్య సోలాపూరు పోయాడు. ఎల్ల దగ్గర బట్టకు, దారానికి సుంకం పడుతుంది గానీ నేతగాడికి పడదు. కాకపోతే వాడీ అనే జంక్షన్లో రైలు మారాలి.