ముంగిసను తిరగేసిన రోజు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరంలో రోజుకో వృత్తివాళ్లు కూర్చునేవారు. తమ పనిని రోడ్డు మీదే చేసి చూపించేవారు. మా మ్యాజిక్‌వాళ్ల వంతు వచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ముంగిసను జేబులో పెట్టుకుని వెళ్లాను. తెలంగాణ రావాలని నాకూ ఉంది. ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎత్తితే నన్ను అనుమానంగా చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నాకు స్టేజీ, పొగ, పెట్టెలు ఉండవు. చూసే మనిషి నా మోకాళ్ల ముందే కూర్చుంటాడు. ముంగిస అంటే చేతికి తొడుక్కునేలా పాత ఉన్నిటోపీతో నేనే కుట్టుకున్న బొమ్మ. మీరు ఒక పేకముక్క చూసి కట్టలో కలిపేస్తే, అది వాసన చూసుకుంటూ వెళ్లి సరిగ్గా ఆ ముక్కనే నోటితో లాగుతుంది. అది బొమ్మ అని అందరికీ తెలుసు. తెలిసినా కాసేపు మరిచిపోయేలా చేయడమే నా పని.

ఆ రోజు నల్లగొండ వైపు పెద్దమ్మ ఒకామె ముక్క తీసింది. ముంగిస వెతుకుతుంటే వేలితో దాని వీపు నిమిరింది.

"కరవదు గదా బిడ్డా?"

"కొత్తోళ్లనైతే కరుస్తది. నిన్ను గుర్తువట్టింది, ఏమనది."

సరిగ్గా అప్పుడే శిబిరం నడిపే నాయకుడు మైకుతో వచ్చాడు. మా కాలనీవాడే. నా చేతి మీది ముంగిసను ఊడబెరికి, లోపలిది బయటికి తిరగేశాడు. కుట్లు, వేళ్లు దూర్చే సందులు, ముక్కను పట్టే తీగ, అన్నీ అందరి ముందు పెట్టాడు.

"చూడుండ్రి! లోపల ఏం లేదు! తెలంగాణ ఇస్తమనే ఢిల్లోళ్ల మాటలు గూడ గిట్లనే!"

ఒకటే చప్పట్లు. పెద్దమ్మ కూడా నవ్వింది. నిమిరిన వేలిని కొంగుకు తుడుచుకుంది.

టీ పోస్తున్న పక్క టిఫిన్ సెంటరాయన, గుంటూరు మనిషి, "అదేంటండీ, పని చేసుకుంటుంటే అలా లాగేశారు?" అన్నాడు. మావాళ్లలో ఒక్కరి నోట ఆ మాట రాలేదు. అందుకు ఇంకా మండింది.

నాయకుణ్ణి టెంటు వెనక పట్టుకున్నాను.

"నిన్న కుమ్మరన్నలు కుండలు చేస్తుంటే కాలువెట్టి తొక్కినవా?"

"ఏందన్నా, గది పనితనం. గిది బొమ్మ. ఉద్యమం కోసం జర ఓర్సుకో."

"ఉద్యమం కోసం నేనొచ్చిన. దాన్ని నీ చేతికియ్యలే."

"బొమ్మకు గింత పరేషానా!" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా దీక్షలో కూర్చున్నాను, ఆయనకు దూరంగా. మళ్లీ చేయమని ఎవరడిగినా చేయలేదు. ఆ తర్వాత మన్సూరాబాద్‌లో ఒక పుట్టినరోజుకు వెళ్తే, ముంగిస తల ఎత్తకముందే ఒకాయన "లోపల తీగ ఉంటది, మేం చూసినం" అని పిల్లలకు చెప్పేశాడు.

తెలంగాణ వచ్చింది. సంతోషించాను. ఆ నాయకుడు ఇప్పటికీ ఎదురైతే "ముంగిస ఎట్లున్నదన్నా?" అని నవ్వుతాడు. నేను జవాబివ్వను. అడగాల్సింది అది కాదు, క్షమాపణ అని ఆయనకు తెలిసేదాకా ఇవ్వను.