ఒక దెబ్బ ఆలస్యం

2021 నవంబరు 13, శనివారం, సాయంత్రం ఏడున్నర. సూరత్‌లోని లింబాయత్. మా కులసంఘం హాలు. ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదని ముందే మనవి చేస్తున్నాను. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి నేనే. ఇటువంటి మాటలు చెబితే నవ్వుతారని తెలుసు. అయినా జరిగింది జరిగినట్టే చెబుతాను.

కరోనాతో మూతపడ్డ హాలును ఆ సాయంత్రమే తెరిచాము. అంతకుముందు ప్రతి శనివారం అక్కడ భజన జరిగేది. వచ్చేవారంతా మా నాన్న రాజేశం వంటి మరమగ్గాల కార్మికులే. రెండో విడతలో నాన్న పోయారు. ఆసుపత్రి నుంచే శ్మశానానికి తీసుకెళ్లారు. భజన లేదు... మోయడానికి నలుగురు లేరు... నేనొక్కణ్ణే గేటు బయట నిలబడ్డాను. నాన్న తోటివారిలో చాలామంది కరీంనగర్ వైపు సొంత ఊళ్లకు వెళ్లి, తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం వచ్చింది ఇద్దరమే. నేను, నర్సయ్య తాత. హాలు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మేము సాంచెలని పిలిచే మరమగ్గాల మోతలో జీవితమంతా గడిపి, చెవులు పూర్తిగా పోయిన మనిషి. పెదవులు చూసి మాట పట్టుకుంటారు.

"ఎవలు రాలేదా, సారూ?" నాకు డిగ్రీ వచ్చినప్పటి నుంచి ఆయన పిలుపు అదే.

"ఇంకా రాలేదు తాతా."

"రేపు పొద్దుగాల మీటింగున్నది. మంది రాకుంటె హాలు గోదాముకు ఇచ్చేస్తమంటున్నరు. చీరల మూటలు పెడ్తరట. మూటలు భజన చేస్తయా?"

నాకు నవ్వు రాలేదు. నాన్న కూర్చున్న చోటంటూ ఈ ఊళ్లో నాకు మిగిలింది అదొక్కటే.

తాత వేదిక ఎక్కారు. పాత సాంచెల చెక్కలతో చేసిన పొట్టి వేదిక అది. భజన చేసేవారంతా దానిమీదే కూర్చుని, అరచేతులతో చెక్కపై దరువు వేసేవారు. తాత ఒక చెయ్యి చెక్కకు ఆన్చి, ఆ అదురును బట్టే గుంపు పాడటం ముగిసిందని తెలుసుకుని తర్వాతి చరణం ఎత్తుకునేవారు. నాన్న దరువు మాత్రం ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యం. అందరూ ఆపాక ఒక్కటి... టప్.

"రాజేశం సాంచె మీద పోగు తప్పడు. ఈడ దరువు తప్పకుండ ఉండడు" అని తాత అందరి ముందూ అనేవారు. నాన్న సిగ్గుపడేవారు. మళ్లీ అదే పని చేసేవారు.

కరెంటు పోయింది. వీధంతా చీకటి. పక్క షెడ్డులో సాంచెలు ఒక్కసారిగా ఆగాయి. అంతటి నిశ్శబ్దం మాకు అలవాటు లేదు... చెవుల్లో గుయ్యిమంది.

ఫోను లైటు వెలిగించాను. తాత కళ్లు మూసుకుని మొదటి చరణం ఎత్తుకున్నారు. బదులు పాడవలసింది నేను. పాడలేదు... చెక్కను తాకనైనా లేదు. కిందనే నిలబడి ఉన్నాను.

తాత ఆగారు. చెయ్యి చెక్కమీదే ఉంది. గుంపు పాడేంతసేపు ఆగారు... రెండో చరణం ఎత్తుకున్నారు. మళ్లీ ఆగారు. మళ్లీ అంతే సేపు. ఆయన ముఖంలోకి మెల్లగా నవ్వు వచ్చింది.

"గిప్పుడొచ్చిన్రా అందరు? మంచిగ కొడుతున్నరు."

హాల్లో ఎవరూ లేరు. లైటు మూలమూలకూ తిప్పి చూశాను. చుట్టిన చాపలు... గోడకు ఆనించిన కుర్చీలు... అంతే.

వంగాను. అరచెయ్యి చెక్కమీద పెట్టాను.

చల్లగా ఉంది. మొదట ఏమీ లేదు. తాత చరణం ముగించారు... అప్పుడు వచ్చింది. సన్నని అదురు. వేళ్ల కొసల్లో. శబ్దం మాత్రం లేదు. సాంచె అదురు నాకు తొట్టెలలో ఉన్నప్పటి నుంచి తెలుసు. ఇది అది కాదు. ఇది చేతుల దరువు. వచ్చింది... సాగింది... ఆగింది.

నేను చెయ్యి తీయలేదు.

టప్.

ఒక్కటి. ఆలస్యంగా.

తాత కళ్లు తెరిచారు. నన్ను చూడలేదు. నా పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసి, "నువ్వు మారవుర" అన్నారు.

కరెంటు వచ్చాక ఆయన తాళం వేసి, తల ఊపి వెళ్లిపోయారు.

మరునాడు మీటింగులో సంఘం పెద్ద మొదట అడిగింది ఆ మాటే.

"నిన్న మంది వచ్చిన్రా?"

"వచ్చిన్రు" అన్నారు తాత.

"ఎవలెవలు? ఉత్తగ చెప్పకు."

"సారును అడుగు. చదువుకున్నోడు. అబద్ధమాడడు."

అందరూ నావైపు తిరిగారు.

"వచ్చారు" అన్నాను.

అది అబద్ధమో కాదో నాకు నేటికీ తెలియదు. దూరాన ఎక్కడో జనరేటరు నడిచిందేమో. నా గుండె చప్పుడే అరచేతికి తెలిసిందేమో. తాతను అడగలేదు. ఆయన కాదంటారేమోనని భయం... అవునంటారేమోనని కూడా.

ఆ తర్వాత మారింది ఇది. హాలు గోదాము కాలేదు. శనివారం భజనకు మళ్లీ మనుషులు వస్తున్నారు. నేనూ వేదికపైన కూర్చుని పాడుతున్నాను. ప్రతి చరణం ముగిశాక అందరం ఒక దెబ్బ ఆగుతాము. ఆ తర్వాతే తాత ఎత్తుకుంటారు.