నానికి గుండు

నోయిడాలో ఉద్యోగంలో చేరిన కొత్త. జనక్‌పురిలో మా అక్క కొడుకు నాని పుట్టువెంట్రుకలకు సెలూన్ అతన్ని పిలిచే బాధ్యత మేనమామగా నాది. నా హిందీ అంతంతమాత్రం కనుక, మన బదులు ఫోన్ చేసే యాప్‌కు తెలుగులో చెప్పాను: "మా నానికి గుండు చేయాలి. ఏడ్చినా వదలం, గట్టిగా పట్టుకుంటాం."

అది హిందీలో అచ్చం అదే చెప్పింది. హిందీలో నానీ అంటే అమ్మమ్మ.

"నానీ కా ముండన్? క్యోఁ భయ్యా?" అమ్మమ్మకు గుండు ఎందుకని అడిగాడు సెలూన్ అతను.

"పరివార్ కీ పరంపరా హై," అంది యాప్ వినయంగా, అది మా ఇంటి ఆచారమని.

నాకు వినడానికే తప్ప మధ్యలో మాట్లాడే వీల్లేదు.

"శరమ్ నహీఁ ఆతీ?" సిగ్గు లేదా అని తిట్టి అతను ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ముహూర్తానికి నా గడ్డం ట్రిమ్మర్‌తో నేనే కానిచ్చాను. నాని తల చూసి అక్క ఫొటోలు వద్దంది. మన తరఫున మాట్లాడే యంత్రం వచ్చింది గానీ, తిట్లు తినేది ఇంకా రాలేదు.