వెర్నా దాటని వీధి

వెర్నా యవోర్‌స్కీ ఇంటి నుంచి గ్రంథాలయానికి తిన్నగా వెళ్తే ఏడు నిమిషాలు. ఆమె మాత్రం రోజూ సరస్సు వైపు తిరిగి, చుట్టుదారిన పద్దెనిమిది నిమిషాలు కారు నడిపేది. ముప్పై ఏళ్లు అమెరికాలోని ఈరీ ఊళ్లో బడి బస్సు నడిపిన మనిషికి దారి తెలియక కాదు. తిన్నని దారిలో ఆల్డర్ వీధి ఉంది. ఆ వీధిలో, అమ్మ ఇంట్లో, చెల్లెలు లొరెట్టా ఉంది.

ఉద్యోగం మానాక వెర్నా గ్రంథాలయంలో కొత్తగా దేశానికి వచ్చినవాళ్లకు ఊరికే ఇంగ్లీషు చెప్పేది. ఆ శీతాకాలం ఆమె దగ్గరికి సెనైత్ వచ్చింది. ఎరిత్రియా మనిషి, ఆసుపత్రిలో గదులు తుడిచే పని. పౌరసత్వపు పరీక్ష ఒకసారి తప్పింది, ఇంకొక్క అవకాశమే ఉంది. పౌరురాలైతేనే పక్క దేశం ఇథియోపియాలో, ఆడిస్ అబాబాలో ఉన్న చెల్లెలు ఫియోరిని ఇక్కడికి రప్పించడానికి దరఖాస్తు పెట్టగలదు. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని పందొమ్మిదేళ్లు.

పరీక్షకని ముందే ఇచ్చే నూరు ప్రశ్నలకూ జవాబులు సెనైత్‌కు కంఠతా వచ్చు. అదే కొంప ముంచింది. పరీక్ష పెట్టే పిట్స్‌బర్గ్‌లో అధికారి మర్యాదకి, దారిలో మంచు ఎలా ఉందని అడిగితే, కంగారులో కంఠతా పట్టిన జవాబొకటి, "నూరుమంది సెనేటర్లు" అనేసింది. ఆ తరవాత నోరు పెగల్లేదు.

అందుకని వెర్నా ప్రశ్నల కాగితం పక్కన పెట్టించింది. ఇక కబుర్లే అంది. కోర్టులో జ్యూరీగా కూర్చుని తీర్పు చెప్పడానికి మామూలు జనానికి పిలుపొస్తే ఎవరెవరు ఏ సాకులు చెబుతారో చెప్పింది. పిల్లల్ని దించడానికి బడి బస్సు ఎర్రదీపం వెలిగిస్తే మేయరు కారైనా ఆగాల్సిందేనని చెప్పినప్పుడు, ఆ దీపం తనే కనిపెట్టినంత గర్వపడింది. సెనైత్ నెమ్మదిగా ఎదురు ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టింది.

ఒకరోజు కిటికీలోంచి ఎదురింటి గడ్డిలో గుచ్చిన ఎన్నికల బోర్డు చూపించి, ఒకే ఇంట్లో ఇద్దరు అభ్యర్థుల మనుషులుంటే ఏం చేస్తారని అడిగింది. వెర్నా నవ్వింది.

"మా లొరెట్టా అమ్మ ఇంటి ముందు తన మనిషి బోర్డు గుచ్చింది. నేను పీకి పట్టుకుపోయాను. మళ్లీ ఈ గడప తొక్కొద్దంది. తొక్కలేదు. అమ్మ పోయినప్పుడు కూడా చర్చిలో చెరో పక్క కూర్చున్నాం. పదకొండేళ్లయింది."

"ఇంతకీ ఎవరు గెలిచారు టీచరమ్మా?"

"మూడోవాడు."

సెనైత్‌కు నవ్వాగలేదు. ఆగాక, ఆవిడ ఇల్లు ఎంత దూరమని అడిగింది. కార్లో నాలుగు నిమిషాలని వెర్నా చెప్పింది.

"మాకు సరిహద్దు అడ్డం, సైనికులు అడ్డం, కాగితాలు అడ్డం. మీకేం అడ్డమొచ్చింది టీచరమ్మా?"

వెర్నా అలవాటుగా ఆ వాక్యంలో తప్పు దిద్దబోయింది. తప్పేమీ లేదు.

రెండో పరీక్ష రోజు పిట్స్‌బర్గ్‌కు వెర్నాయే తీసుకెళ్లింది. రెండు గంటల దారి, మంచు పడుతోంది. సెనైత్ మళ్లీ జవాబులు వల్లెవెయ్యడం చూసి, మీ ఫియోరి గురించి చెప్పమంది. ఫియోరి కాఫీ గింజలు వేయించడానికి కూర్చుంటే మాటల్లో పడి మాడ్చేసేదట. ఇంట్లో అందరూ తిట్టేవాళ్లట. ఆ మాడు వాసన కోసం ఇక్కడ ఎన్ని కొట్లు తిరిగానో, ఎక్కడా దొరకలేదని సెనైత్ చెప్పింది. కారు నడుపుతున్న వెర్నాకు తన చెల్లెలు గుర్తొచ్చింది. లొరెట్టా గిన్నెలు కడుగుతూ ఈల వేసేది. ఆడపిల్లకి ఈలేంటని అమ్మ గదమాయించినా మానేది కాదు.

ఈసారీ అధికారి దారి ఎలా ఉందనే అడిగాడు.

"మంచు ఎక్కువే ఉంది సార్. మా టీచరమ్మ ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపింది, అందుకని భయం వెయ్యలేదు" అంది సెనైత్.

పరీక్ష నెగ్గింది. తిరుగుదారిలో వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంది. చెల్లెలి వంతు రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టొచ్చని ఆమెకు ముందే తెలుసు.

"అప్పటికి నాకు అరవై, దానికి యాభై ఆరు. ఫర్వాలేదు, అప్పుడూ మాడుస్తుంది" అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఫియోరి దరఖాస్తు ఇప్పుడు వరసలో ఉంది. వెర్నా గరాజ్‌లో పదకొండేళ్లు పడున్న లొరెట్టా బోర్డు కారు డిక్కీలోకి చేరింది. ఆమె గ్రంథాలయానికి రోజూ ఆల్డర్ వీధి మీదుగానే వెళ్తోంది. లొరెట్టా ఇంటి ముందు వేగం తగ్గిస్తుంది. ఇంకా ఆగలేదు.